ఉప్పెన అయికూ బొమ్మ

బాక్సింగ్ జిమ్ బయటి గోడ మీద అయికూ బొమ్మ వెయ్యమని కోచ్ సోవా కబురు చేసినప్పుడు నేను ఫొటో అడగలేదు. బోర్డులు రాసేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఫొటోనే. దాని మీద గళ్ళు గీసుకుంటాం, అవే గళ్ళు గోడ మీద పెద్దవి చేసుకుంటాం, ఒక్కో గడిలో ఉన్నది ఉన్నట్టు దించుతాం. ఇరవై రెండేళ్ళుగా బుకోమ్ పేటలో నా బతుకుతెరువు అదే. కానీ అయికూ ముఖానికి గళ్ళెందుకు? ఏడేళ్ళ వయసు నుంచి ఆ ముఖం గీస్తూనే ఉన్నాను.

"ఫొటో ఒకటుందిగానీ ఎందుకూ పనికిరాదు లామిలే," అని సోవా తనే ఒక పాత పేపరు ముక్క తీసి చూపించాడు. అయికూ టైటిల్ గెలిచినప్పటిది. తల వంచుకుని ఉన్నాడు, గ్లవ్స్ రెండూ ముఖానికి అడ్డంగా ఉన్నాయి. "మొహం తప్ప అన్నీ ఉన్నాయి ఇందులో."

"దాంతో పని లేదు కోచ్. ఆయన మొహం నాకు తెలుసు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకున్నారు."

సోవా నన్ను కిందికీ పైకీ చూశాడు. "నిన్నా? అప్పుడు సన్నగా ఉండేదానివేమోలే."

ఆ రోజు నాకు నిన్నటిలా గుర్తుంది. పరాయి దేశంలో గెలిచి విమానం దిగిన అయికూను లారీ మీద పేటంతా ఊరేగించారు. మిట్టమధ్యాహ్నం. జనంలో మా అమ్మ చెయ్యి జారిపోయింది. పెద్దవాళ్ళ మోకాళ్ళు, ఆడవాళ్ళ కట్టుగుడ్డల అంచులు తప్ప నాకేమీ కనబడలేదు. ఊపిరాడక ఏడుస్తుంటే ఎవరో చంకల కింద చేతులు వేసి గాల్లోకి లేపారు. ఒక్కసారిగా ఆకాశం, జెండాలు, లారీ అన్నీ కనిపించాయి. నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకున్న మనిషి తల వెనక్కి వాల్చి నవ్వాడు. ముందు పళ్ళ మధ్య సందు. ఎడమ చెవి పై అంచు లోపలికి మడిచినట్టుంది. ఒంటి మీద ఎర్ర పట్టు అంగీ. "నా చెవులు పట్టుకో పిల్లా, పడతావ్," అన్నాడు. ఆయన చేతిలో టైటిల్ బెల్టు ఉంది. దాని ఇత్తడి బిళ్ళ ముట్టుకుంటే ఎండకు చురుక్కుమంది. చుట్టూ వేలమంది "ఉప్పెన అయికూ! ఉప్పెన అయికూ!" అని అరుస్తున్నారు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే అమ్మ నన్ను సెకొండీలో ఉన్న పెద్దమ్మ దగ్గరికి పంపేసింది. అక్కడ నాకు తోచక పెరటి గోడ మీద బొగ్గుతో ఆ ముఖమే గీసేదాన్ని. పెద్దమ్మ కూతుళ్ళు "ఇదిగో, లామిలే మొగుడు మళ్ళీ వచ్చాడు" అని వెక్కిరించేవాళ్ళు. వీధి చివర బోర్డులు రాసే పెద్దాయన అది చూసి ఒకరోజు నా చేతిలో కుంచె పెట్టాడు. అయికూ లేకపోతే నాకీ పని లేదు. ఏ రేవులోనో చేపలు ఎండబెట్టుకుంటూ ఉండేదాన్ని.

ఇరవై ఆరేళ్ళప్పుడు బుకోమ్‌కి తిరిగొచ్చి చూస్తే అయికూ ముఖం ముఖంలా లేదు. ముక్కు చదునైపోయింది. కనుబొమలు కుట్లతో గట్లు కట్టాయి. పళ్ళు సగం లేవు. చెవులు రెండూ నలిగి ముద్దలయ్యాయి. మతి కూడా కుదురుగా లేదు. వాళ్ళక్క డేడే కెంకే అనే మొక్కజొన్న ముద్దలు ఉడికించి అమ్మే పాక ముందు ప్లాస్టిక్ కుర్చీలో పొద్దంతా కూర్చునేవాడు. మా పేటలో పెద్దాయనైతే అతా, పెద్దావిడైతే ఆవో అంటాం. నేను పనికి వెళ్తూ "అతా, బాగున్నారా?" అంటే "ఇది ఎన్నో రౌండు?" అని అడిగేవాడు. దెబ్బలు తిని మారిపోయాడు పాపం అనుకునేదాన్ని. నా దగ్గర మాత్రం పాత ముఖం భద్రంగా ఉందని ఒక గర్వం కూడా ఉండేది.

గోడకు సున్నం వేసి, బొగ్గుతో గీత దించి, మూడు రోజుల్లో రంగు పూర్తి చేశాను. తాడాట ఆడే కుర్రాళ్ళు పక్కనే నిలబడి "అక్కా, కండలు ఇంకొంచెం పెంచు" అని సలహాలిచ్చారు. ముఖం నేననుకున్నట్టే వచ్చింది. నవ్వు, పళ్ళ సందు, చెవి మడత, భుజాల మీద ఎర్ర అంగీ. కుంచె కడుక్కుంటుంటే కళ్ళు చెమర్చాయి.

నాలుగో రోజు పొద్దున డేడే వచ్చింది, నెత్తిన కెంకే గిన్నెతో. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, గొంతు మాత్రం పదహారేళ్ళది. గోడ వైపు చూసి గిన్నె దింపింది.

"ఎవర్నే వేశావు?"

"మీ తమ్ముణ్ణే ఆవో."

"మా తమ్ముడి డ్రాయర్ వేశావు. మా తమ్ముడి బెల్టు వేశావు. తలకాయ మాత్రం లార్తేది తెచ్చి అతికించావేం?"

నేను నవ్వాను, ఆమె వేళాకోళం ఆడుతోందనుకుని. ఆమె నవ్వలేదు.

"లార్తే ఎవరు ఆవో?"

నీడలో పలక ముందు కూర్చుని పావులు ఆడుతున్న ముసలాయన తల ఎత్తాడు. "తువ్వాలు లార్తే," అని పక్కకి ఉమ్మేశాడు.

అప్పుడు చెప్పారు నాకు. అయికూ ఆడిన ప్రతి పోటీలో మూల నిలబడి నీళ్ళ బకెట్ పట్టుకున్నవాడు, రక్తం తుడిచినవాడు లార్తే. ఊరేగింపు జరిగిన మూడేళ్ళకు ఆఖరి పోటీలో, అయికూ ఇంకా కాళ్ళ మీద నిలబడి ఉండగానే, ఏడో రౌండులో లార్తే తువ్వాలు విసిరేశాడు. అయికూ ఓడినట్టయింది. బుకోమ్‌లో మనిషి పడొచ్చుగానీ తువ్వాలు పడకూడదు. పేటవాళ్ళు లార్తే ఇంటి మీద రాళ్ళు వేశారు. అతను చోర్కోర్ రేవుకి వెళ్ళిపోయి వలలు అల్లుకుంటున్నాడు. అయికూ మళ్ళీ అతని పేరెత్తలేదు.

"కానీ నన్ను ఎత్తుకున్నది అతా అయికూనే ఆవో. ఊరేగింపు రోజు. నేనెలా మర్చిపోతాను?"

"మా వాడా? ఆ రోజు వాడు లారీ దిగితే కదా! పక్కటెముకలు రెండు విరిగి, గుడ్డ బిగించుకుని కూర్చున్నాడు. దగ్గితే ఏడ్చేవాడు. నిన్నెలా ఎత్తుతాడే?"

"మరి బెల్టు?"

"బెల్టు లార్తే మోశాడు. బరువైనవన్నీ వాడే మోసేవాడు." ఆమె గిన్నె నెత్తికెత్తుకుంటూ ఆగింది. "ఎర్ర అంగీ మాత్రం మా వాడిదే. వేరే ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు."

ఆమె వెళ్ళాక నేను నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయాను. జనం అరిచింది అయికూ పేరు, నన్ను మోసింది లార్తే అయితే, ఏడేళ్ళ పిల్లకు ఆ ఇద్దరూ ఒక్కరే అయిపోవడంలో వింతేమీ లేదు. అది అర్థమైంది. మరి ఆ ఎర్ర అంగీ? కళ్ళు మూసుకుంటే ఆ పట్టు నా తొడలకు తగులుతోంది. నిజంగా తగిలిందా, లేక బొమ్మలు గీసీ గీసీ నేనే తొడిగానా? నలభై ఏళ్ళుగా ఎవరికి మొక్కుకున్నాను నేను?

సాయంత్రానికి సోవాకి కబురు చేరింది. చిందులు తొక్కుతూ వచ్చాడు. "నా జిమ్ గోడ మీద తువ్వాలు విసిరినవాడి మొహమా? శనివారం కుర్రాళ్ళ పోటీలున్నాయి. వాడి మొహం చూసి బరిలోకి దిగాలా వాళ్ళు? రేపటికల్లా తుడిచెయ్. అయికూని వెయ్."

"అయికూ మొహం నాకు తెలీదు కోచ్," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మర్నాడు గోడ దగ్గరికి పోకుండా ట్రోట్రో వ్యాను ఎక్కి చోర్కోర్ వెళ్ళాను. రేవులో పడవల వెనక, టార్పాలిన్ నీడలో ఒక ముసలాయన కాలి బొటనవేలికి వల తగిలించుకుని కుడుతున్నాడు. ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని ఉన్నాడు.

"అతా లార్తే మీరేనా?"

"రాళ్ళు వెయ్యడానికొచ్చావా, వల కొనడానికొచ్చావా?" అని తల ఎత్తి నవ్వాడు.

పళ్ళ మధ్య సందు. ఇసకలో కూలబడి, ఊరేగింపు సంగతి మొదలు గోడ మీద బొమ్మ దాకా అంతా చెప్పుకొచ్చాను. ఆయన వల కుడుతూనే విన్నాడు.

"ఆ రోజు ఒక పిల్లని ఎత్తిన మాట నిజమేనమ్మా. కానీ అది నువ్వు కాదు."

"ఎందుకు కాదు?"

"ఆ పిల్ల పేరు చెప్పింది. షోమే. పైగా నా మెడ మీద ఉచ్చ పోసింది."

"నేను పొయ్యలేదు!"

"పోశానని ఎవరొప్పుకుంటారులే."

"మీరు ఎర్ర అంగీ వేసుకున్నారా?"

"నాకెక్కడిది ఎర్ర అంగీ? నల్ల బనీను. చంకలో చిరుగు కూడా."

"పోనీ ఇంకో పిల్లని కూడా ఎత్తారేమో, గుర్తు చేసుకోండి."

"ఎత్తుంటాను. ఎత్తకపోయుంటాను. నలభై ఏళ్ళమ్మా! మొన్న కొన్న సూది ఎక్కడ పెట్టానో తెలీదు నాకు."

అడగకూడనిది అడిగాను. "తువ్వాలు ఎందుకు విసిరారు?"

సూది ఆగింది. "ఆరో రౌండయ్యాక స్టూలు మీద కూర్చోబెట్టి, నీ పేరేంట్రా అని అడిగా. మా అమ్మ పేరు చెప్పాడు. వాళ్ళమ్మ కాదు, మా అమ్మ. సరే, మెదడు అదిరింది, సర్దుకుంటాడులే అని పంపా. అక్కడే తప్పు చేశా. ఏడో రౌండులో వాడి కుడి కన్ను నా వైపుంది, ఎడమ కన్ను ఇంకెక్కడో ఉంది. ఇంకేం చెయ్యను?"

"ఆ మాట పేటలో చెప్పలేదా?"

"చెప్తే ఏమంటారు? అయికూకి పిచ్చెక్కింది అంటారు. అప్పటికింకా వాడికి మళ్ళీ ఆడే ఆశుంది. దానికంటే లార్తే పిరికోడు అన్నది నయం కదా." దారం పంటితో తెంపాడు. "నువ్వూ చెప్పకు. వెళ్ళి ఆ బొమ్మ తుడిచెయ్యమ్మా. వాడి గోడ మీద నా మొహం బాగోదు."

ఆ మాట పట్టుకునే మర్నాడు, శుక్రవారం పొద్దున్నే తెల్ల రంగు డబ్బా, రోలరు పట్టుకుని జిమ్‌కి వెళ్ళాను. గోడకి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో అయికూ కూర్చుని ఉన్నాడు. పాక ముందు నుంచి కుర్చీ తనే ఈడ్చుకొచ్చాడట. పక్కన డేడే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"తెల్లారుజాము నుంచీ ఇక్కడే. అన్నం లేదు, పలుకు లేదు," అంది.

నేను రోలరు రంగులో ముంచి గోడ వైపు అడుగు వేశాను. అయికూ లేచి నా మణికట్టు పట్టుకున్నాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి. ఎముక విరుగుతుందనిపించింది.

"గంట కొట్టలేదింకా," అన్నాడు.

"తమ్ముడూ, వదులు. అది నువ్వు కాదు. లార్తే," అంది డేడే.

"నేనే."

"నువ్వు కాదురా."

"నేనే అక్కా. గంట కొట్టగానే ఎదురుగా వచ్చేది ఈ మొహమే. ప్రతిసారీ ఇదే. రోజూ వచ్చే మొహం నాది కాక ఎవరిది?"

"వీడికి అద్దం చూసుకునే అలవాటు ఎప్పుడూ లేదు," అని డేడే గొణిగింది.

సోవా వచ్చి అరిచాడు, నా మీద కాదు, గోడ మీద. అయికూ కదిలితే కదా. అయికూను తోసేసి అయికూ బొమ్మ బాగుచెయ్యమని ఎవరితో చెప్తాడు? చేతులు జాడించి లోపలికి పోయాడు.

లార్తే చెప్పొద్దన్న మాట డేడేకి చెప్పాలా వద్దా అని మధ్యాహ్నం దాకా కొట్టుకున్నాను. చెప్తే మాట తప్పినదాన్నవుతాను. చెప్పకపోతే ఆ ముసలాయన మీద మరో ముప్పై ఏళ్ళు ఉమ్ముతారు. చివరికి ఆమె కెంకే ఆకుల్లో చుడుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. ఆమె చేతులు ఆగలేదు. ఉన్న పిండంతా చుట్టేశాక అడిగింది, "లార్తే వాళ్ళమ్మ పేరు చెప్పాడా మావాడు? నావో అని?"

"పేరు నాకు చెప్పలేదు ఆవో."

"నావో. చిన్నప్పుడు మా అక్కాతమ్ముళ్ళిద్దరికీ అన్నం పెట్టిన మనిషి," అంది డేడే.

శనివారం పోటీలు మొదలయ్యే వేళకి టాక్సీ ఒకటి జిమ్ ముందు ఆగింది. ముందు డేడే దిగింది. వెనక తలుపు తీసి, "దిగుతావా, చెవి పట్టి దింపనా?" అంది. లార్తే దిగాడు. పావులాడే ముసలాయన లేచి నిలబడ్డాడు. డేడే అతని వైపు ఒక్క చూపు చూసింది. అతను మళ్ళీ కూర్చున్నాడు.

లార్తే గోడ ముందుకొచ్చి ఆగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఉన్ని టోపీ తీసి నా వైపు తిరిగాడు. చెవులు రెండూ చిన్నపిల్లాడి చెవుల్లా చక్కగా ఉన్నాయి.

"ఈ చెవి నాది కాదమ్మా."

"అది మావాడిదే," అంది డేడే, అప్పుడే చూసినట్టు గోడకి దగ్గరగా జరిగి. "పదిహేనో ఏటే మడత పడింది. ఈ పిల్లకెలా తెలుసు? తర్వాత తర్వాత మొత్తం ముద్దయిపోయిందిగా!"

"పళ్ళు నీవే," అన్నాడు పావులాడే ముసలాయన, లార్తేని చూసి. మాటాడకూడదనుకుని మాటాడినట్టున్నాడు.

"మరి ముక్కు?" అన్నాడు సోవా.

ముక్కు గురించి పావుగంట గొడవ జరిగింది. ముగ్గురు అయికూది అన్నారు, ఇద్దరు లార్తేది అన్నారు. పావులాడే ముసలాయన అది తన ముక్కులా ఉందన్నాడు, అతనూ ఆ రోజు లారీ పక్కనే నడిచాడట. నేను ఆ చెవి దగ్గరే ఆగిపోయాను. అంటే ఆ రోజు నేను అయికూను దగ్గరగా చూశాను. ఎక్కడ? ఎప్పుడు? లార్తే నన్ను లారీ దాకా మోసుకెళ్ళాడా? అయికూ కిందికి వంగి నా వైపు చూశాడా? అసలు మోయించుకున్నది నేనేనా, షోమే అనే పిల్లని ఎత్తుకుంటుంటే కింద నిలబడి చూశానా? తలలో ఎంత వెతికినా ఆ నవ్వు ఒక్కటే వస్తోంది, అదిప్పుడు ఎవరిదో చెప్పడం లేదు.

అయికూ ఈ గొడవంతా పట్టనట్టు కూర్చుని ఉన్నాడు. లార్తే వెళ్ళి అతని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అయికూ మర్యాదగా చూశాడు.

"ఎవరండీ మీరు?"

లార్తే టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "నీళ్ళిచ్చేవాణ్ణి."

"నీళ్ళకి మావాడున్నాడండీ," అని అయికూ గోడ మీది బొమ్మ చూపించాడు. "చాలా మంచివాడు."

డేడే చెంగు నోట్లో కుక్కుకుని పాక వైపు వెళ్ళిపోయింది. నిన్న "నేనే" అన్నాడు, ఇవాళ "మావాడు" అంటున్నాడు. రెంటిలో ఏది నమ్మాలో నాకు తెలియలేదు. లార్తేకి తెలిసినట్టుంది, లేక తెలుసుకోనక్కర్లేదనుకున్నాడో. అక్కడే నేల మీద చతికిలబడి కుర్చీ కాలికి ఆనుకున్నాడు.

సోవా నా దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఏం పేరు రాస్తావ్ కింద?"

నేను లార్తే వైపు చూశాను.

"వాడి పేరే రాయమ్మా. నా పేరు రాస్తే ఈ పెద్దాయన మళ్ళీ రాళ్ళేరుకోవాలి, నడుం నొప్పితో." పావులాడే ముసలాయన పలక మీదికి వంగిపోయాడు. ఒక పావు కూడా కదపలేదు.

ఎర్ర అక్షరాలతో "ఉప్పెన అయికూ" అని రాశాను. అబద్ధం రాస్తున్నానా, నిజం రాస్తున్నానా అని ఆలోచిస్తుంటే 'కూ' తోక కొంచెం వంకర పోయింది. దిద్దలేదు.

ఇది జరిగి ఏడాదిన్నర అయింది. లార్తే శనివారం శనివారం వస్తాడు. అయికూ అతన్ని ఇంతవరకూ గుర్తుపట్టలేదు. ప్రతిసారీ కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు అండీ అంటూనే మాట్లాడతాడు. ఆఖరి పోటీ కథ చెప్తాడు. మొన్న వారం పక్క దుకాణం బోర్డు రాస్తూ నిచ్చెన మీద నుంచి నేనూ విన్నాను.

"ఏడో రౌండులో ఎడమ చేత్తో ఒక్కటిచ్చానండీ. మనిషి లేవలేదు."

"ఆ తర్వాత?" అన్నాడు లార్తే.

"తర్వాతేముంది? జనం నన్ను ఎత్తుకున్నారు."

"అవునండీ. నేనక్కడే ఉన్నాను," అన్నాడు లార్తే, అతని కుర్చీని నీడలోకి జరుపుతూ.